ఎనభై ఎనిమిదంటే ఇంకా పచ్చిదే

పాసయినాను.

ముందు ఆ మాట చెప్పేస్తే గానీ నాకు చెయ్యి ఆడదు. డిగ్రీ పాసయినాను. దూరవిద్యలోనే అనుకోండి, రిటైరయినంకనే అనుకోండి, అయినా డిగ్రీ డిగ్రీనే. మా నాయన వేలిముద్ర. మా నాయన వాళ్ల నాయనకు ఆ వేలిముద్ర వేసే పని గూడా పడలా. మా ఇంట్లో పేరు పక్కన బీయే అని రాసుకునే మొదటోణ్ణి నేనే. పొద్దున్నించి వీధిలో కనబడినోళ్లకంతా చెప్పినా. పాలాయనకు రెండుసార్లు చెప్పినా, మొదటిసారి ఆయన సరిగ్గా ఆశ్చర్యపోలేదనిపించి.

తిరపతిలో ఆదివారం ఆదివారం క్లాసులుండేవి దీనికి. నాతో కూర్చునేవాళ్లంతా నా మనవళ్ల ఈడు పిల్లకాయలు. మొదటిరోజు నన్ను జూసి సార్ వచ్చినాడనుకోని అందరూ లేసి నిలబడినారు. నేనూ కూర్చోమని చెయ్యి ఊపినా, వాళ్ల మర్యాద ఎందుకు పాడుచెయ్యాలని. అసలు సార్ వచ్చి, ఆయన గూడా నాకు నమస్కారం పెట్టినంక గానీ గుట్టు బయటపడలా.

ఆ పిల్లకాయల్లో ఒకని ఫోను ఒకరోజు కాగిపోయింది. వాడు దాన్ని ఫ్యాను కింద పెట్టి, కాసేపాగి పైన అరచెయ్యి ఆనిచ్చి, "ఏం లేదు తాతా, నార్మలే" అన్నాడు.

"నార్మలని నీ చెయ్యికెట్ల తెలుసురా?" అన్నా.

ఆ రోజు వానికి చెప్పిన కతనే ఇప్పుడు మీకూ చెప్తాండా. మీకు పనికొస్తాది. పనికిరాకపోయినా వినండి, డిగ్రీ చదివినోడు చెప్తాండాడు.

అప్పట్లో నేను బంగారుపాళ్యం దాటినంక హైవే పక్కనుండే ఒక జ్యూస్ ఫ్యాక్టరీలో పనిచేస్తాంటి. జ్యూస్ అని పేరే గానీ, మామిడికాయల్ని గుజ్జు తీసి, కాగబెట్టి, డబ్బాల్లో పోసి పంపేది ఆడ పని. నాది బాయిలర్ కాడ. శెనక్కాయ పొట్టు పారతో లోపలికి ఎగెయ్యాల, ఆవిరి ముల్లు చూడాల, మళ్లీ ఎగెయ్యాల. మసి పూసుకోని నేను ఇంటికి పోతే మా ఇంటామె మొకం చూసి గుర్తుపట్టేది గాదు, దగ్గు విని గుర్తుపట్టేది.

ఒకరోజు మా ఓనరు, మద్రాసులో వాళ్ల బామ్మర్ది ఆఫీసులో మూలన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి కారు డిక్కీలో ఏసుకోని వచ్చినాడు. కాయల ట్రాక్టర్లను తూకమేసే కాటా రూములో పెట్టాలని. అంతవరకు తూకం చూసి స్లిప్పు చేత్తో రాసిచ్చేది, దాంట్లో రోజూ జగడమే. కంప్యూటరయితే అదే తూకం పట్టుకోని అదే స్లిప్పు కొట్టిస్తాది, మిషన్తో ఎవురూ జగడమాడరని ఆయన ఆలోచన. ఆయనకు మా రైతుల సంగతి సరిగ్గా తెలీదు.

"దీన్ని ముట్టుకునేదానికి ఎవురుండారురా?" అని అడిగినాడు.

అందరూ చేతులు ఎనక్కి పెట్టుకున్నారు. షాక్ కొడతాదని ఒకడు, తప్పు మీట నొక్కితే లోపలుండేదంతా పోతాదని ఒకడు. బాయిలర్ ముట్టుకునేవానికి ఇదొక లెక్కనా? నేను పోయి దాని నెత్తిన చెయ్యేసినా. అంతే, నేను కంప్యూటర్ ఇన్చార్జి. నాకు జరిగిన ఇంటర్వ్యూ అదొక్కటే.

తిరపతి నుంచి కంప్యూటర్ షాపువాళ్లు వచ్చి దాన్ని బిగించి, ఏ మీట నొక్కితే ఏమొస్తాదో నాకు నేర్పించి పోయినారు. నాకు కుర్చీ ఇచ్చినారు. కుర్చీకి దిండు గూడా ఇచ్చినారు. తెల్లచొక్కా ఏసుకోని పనికి పోయి, తెల్లచొక్కాతోనే తిరిగొచ్చిన మొదటిరోజు మా ఇంటామె నన్ను వాకిట్లోనే నిలబెట్టి, చుట్టూ తిరిగి చూసింది.

"ఈ రోజు పనికి పోలేదా?" అనింది.

ఓనరు వాళ్లమ్మ ఉండాది. ఫ్యాక్టరీలో అందరికీ ఆమె అవ్వనే. మేమంతా ఓనర్కు భయపడితే, ఓనరు అవ్వకు భయపడతాడు. కంప్యూటర్ వచ్చిన రోజు అవ్వ కర్పూరం వెలిగించి, దిష్టి తీసి, "ఇట్లాంటి వస్తువును బయట పెట్టొద్దండ్రా. ఎలకలుంటాయి. తలుపులుండే గూడు సేపించి, దాంట్లో పెట్టి ముయ్యండి" అని చెప్పి పోయింది.

వడ్రంగిని పిలిపించినారు. ఆయనకు ఇండ్లలో దేవుడి మందిరాలు చేసే అలవాటు, ఇదీ అట్లనే చేసినాడు. పైన గోపురం, ముందర రెండు తలుపులు, తలుపులకు చిన్న చిన్న గంటలు. కంప్యూటర్ పెట్టె ఆ గూట్లో. టీవీ మాదిరుండేది, మీటల పలక, రెండూ పక్కన టేబుల్ మీద. వైర్లు వచ్చేదానికి గూడు ఎనకాల ఒక బొక్క. మామిడికాలంలో మా ఫ్యాక్టరీలో ఈగలు ఎట్లుంటాయంటే, నోరు తెరిచి ఆవులించే ధైర్యం ఎవురూ చెయ్యరు. ఆ బొక్కలోంచి ఈగలు దూరతాయని, గుజ్జు వడగట్టే గుడ్డను నాలుగు మడతలేసి నేనే గట్టిగా కుక్కినా. "గాలి గూడా దూరదు" అని అందర్నీ పిలిచి చూపించినా. నిజంగానే దూరలా.

గుజ్జుకు తోలే బెంగుళూరా మామిడి దిగే కాలం వచ్చింది. ట్రాక్టర్ల వరస గేటు దాటి హైవే మీదికి పోయింది. పొద్దునపూట కంప్యూటర్ చక్కగా నడిచేది. మద్యానం ఎండ రేకుల మీద పడి రూము కాగేటప్పటికి, టప్. ఆరిపోయేది. స్లిప్పు సగం ప్రింటయి నాలుక బయటపెట్టినట్ల నిలబడేది. కాసేపాగి మీట నొక్కితే లేస్తాది, నాలుగు ట్రాక్టర్లు తూగుతాయి, మళ్లీ టప్.

రైతులు గమ్మునుంటారా?

"ఏమప్పా, మీ సామి నిద్రపోయినాడా? మేలుకొలుపు పాడాల్నా?" అని గూడు చూసి ఒకాయన.

"మద్యానం గదబ్బా, నైవేద్యం పెట్టి తలుపులేసినారు. దర్శనం సాయంత్రమే" అని ఎనకాల ట్రాక్టర్ మీదాయన.

కాయలు ట్రాక్టర్లలో ఉడికిపోతాండాయి, వాళ్ల మాటలు గూడా దానికి తగినట్లే.

ముందు తప్పు కరెంటు మీద పెట్టినాం. లైన్మాన్ను పిలిచి తిట్టినాం. ఆయన మమ్మల్ని తిట్టి పోయినాడు. తర్వాత మా ల్యాబ్ ఆయన వచ్చినాడు. గుజ్జు తీపి, పులుపు, వేడి చూసి సరేననే ఆయన, నాకు మంచి స్నేహితుడు.

"ఇది జెరమప్పా" అన్నాడు. "మద్యానం వచ్చి సాయంత్రానికి పోయే జెరం."

"అయితే ఏం జెయ్యాల?"

"తడిగుడ్డ."

ఆయనే గుడ్డ తడిపి తెచ్చి, మడిచి, టేబుల్ మీదుండే టీవీ నెత్తిన ఏసినాడు. కంప్యూటరంటే అదేనని ఆయన లెక్క. నేను ఇన్చార్జిని గదా, నవ్వినా. "అది కాదబ్బా, గూట్లో ఉండాదే, అదీ అసలుది" అన్నా.

"ముందే సెప్పాల గదప్పా," అని ఆ గుడ్డ తీసి గూడు గోపురం మీద పరిచినాడు.

అప్పుడు నేను గూడు తలుపులు తెరిచి, పెట్టె పక్క రేకు ఊడదీసినా. షాపువాళ్లు చెప్పిన మాట గుర్తుండాది నాకు. లోపల ప్రాసెసర్ అని అగ్గిపెట్టెంత ఒకటుంటాది, లెక్కలన్నీ చేసేది అదే, వేడెక్కేదీ అదే. దాని నెత్తిన ఆ వేడిని పీల్చుకునే రేకుల దిమ్మ, దిమ్మ మీద వేడిని ఊదేసే బుల్లి ఫ్యాను. నేను రూములో టేబుల్ ఫ్యాను పెట్టెకు ఎదురుగా తిప్పుకోని, వంగి, ఆ దిమ్మ పక్కన వేలు ఆనిచ్చినా.

"గోరువెచ్చగా ఉండాది" అన్నా.

ల్యాబ్ ఆయన గూడా ఆనిచ్చినాడు. "అవునప్పా. కాఫీ ఇంత వేడిలో ఇస్తే నేను తాగను."

నా చెయ్యి ఎట్లాంటి చెయ్యో మీకు చెప్పాల. బాయిలర్ తలుపు తీసి మూసి, తీసి మూసి బండబారిన చెయ్యి. ఉడుకుడుకు సంగటిని కుండలోంచి తీసి ముద్దజేసి పిల్లోళ్లకు పెట్టే చెయ్యి. వేడంటే ఏందో అది మరిచిపోయి శానా కాలమయింది. ల్యాబ్ ఆయన చెయ్యి నాకంటే ఘనమైనది, పొగలొచ్చే గుజ్జు డబ్బాలను గుడ్డ లేకుండా ఎత్తతాడు. అట్లాంటి రెండు చేతుల్ని సాక్ష్యం పిలిచి తీర్పు చెప్పించినాం.

ఇంకొక సాక్ష్యం గూడా ఉండె. కంప్యూటర్ లేసేటప్పుడు డిలీట్ మీట నొక్కితే నీలం తెర ఒకటొస్తాది, దాంట్లో ప్రాసెసర్ ఎంత వేడిగా ఉండాదో ఒక వరసలో చూపిస్తాది. అన్నీ మళ్లీ మూసి, నడిపించి, అది ఆరిపోయిన ఎమ్మట్నే లేపి ఆ మీట నొక్కినా.

ఎనభై ఎనిమిది.

ల్యాబ్ ఆయన పకపకా నవ్వినాడు. తొంభై డిగ్రీలు దాటనిదే గుజ్జును డబ్బాలోకి పొయ్యనీడు ఆయన. తొంభై లోపల ఎంతుండినా ఆయనకు ఒకటే మాట.

"ఎనభై ఎనిమిదంటే ఇంకా పచ్చిదే గదప్పా! దీనికి జెరమెట్లొస్తాది?"

నాకూ అదే అనిపించింది. ఎనభై ఎనిమిదిలో నీళ్లు గూడా మసలవు. బాయిలర్ కాడ ఎనభై ఎనిమిది చూపిస్తే, నిద్రపోతాండావా అని తిట్లు పడతాయి. పోయి రొమ్ము ఇరుచుకోని ఓనర్తో చెప్పినా. "వేడేమీ లేదన్నా, ఎనభై ఎనిమిదే." ఆయన గూడా ఆ గుజ్జు వాసనలో పెరిగినోడే. "అంతేనా? అయితే వేడి కాదులే" అన్నాడు. ఆ పూట ఫ్యాక్టరీలో ఓటింగ్ పెట్టినా ఏకగ్రీవంగా గెలిచిండేది ఎనభై ఎనిమిది.

మరుసటిరోజు మద్యానం ఓనరు పక్కనుండగా, వాళ్ల సొంత మేనమామ ట్రాక్టర్ కాటా మీదుండగా, టప్.

మేనమామ ఏమన్నాడో రాయను. పిల్లకాయలు చదువుతారు. ఓనరు మాత్రం నా దిక్కు తిరిగి మెల్లగా చెప్పినాడు. ఆయన అరిస్తే భయం లేదు, మెల్లగా మాట్లాడితేనే భయం.

"రేపు సాయంత్రం దాకా ఆగకుండా నడిస్తే సరి. ఒక్కసారి ఆగినా దీన్ని మద్రాసుకు ఎక్కించేస్తా. నువ్వు మళ్లీ బాయిలర్ కాడికి పో. నీ చేతులకు అదే సరి."

ఈ మాట నాకంటే ముందు బాయిలర్ కాడికి పోయింది. ఆడుండే పెద్దాయన, నాకు పని నేర్పించినాయన, నన్ను జూసి గోడ దిక్కు చెయ్యి చూపించినాడు.

"నీ పార యాడికీ పోలేదులేప్పా. ఎవుర్నీ ముట్టుకోనీకుండా ఆడనే ఆనిచ్చి పెట్టుండా. వస్తావని నాకు తెలుసు."

నేరుగా రోడ్డు మీద ఎస్టీడీ బూతుకు పోయి తిరపతి షాపుకు ఫోన్ చేసినా. ఎత్తింది ఒక ఆడపిల్ల. సర్వీస్ ఇంజినీరు నేనే అనింది.

"మేడం, మద్యానం మద్యానం మా కంప్యూటర్ చచ్చిపోతాండాది."

"వేడెక్కతాందేమో చూసినారా అన్నా?"

"అంతా చూసినాం మేడం. వేడేమీ లేదు. ఎనభై ఎనిమిదే."

లైను తెగిందేమోనని "హలో, హలో" అన్నా.

"ఎంతన్నారన్నా?"

"ఎనభై ఎనిమిది. డబల్ ఎయిట్."

"అన్నా, మీరు ముందు పోయి దాన్ని ఆఫ్ చెయ్యండి."

"ఆఫ్‌లోనే ఉండాది మేడం. అదే గదా మా బాధ."

ఆ పిల్ల నవ్వు ఆపుకున్నట్టు వినబడింది. "ఎనభై ఎనిమిది తక్కువని మీకెవురు చెప్పినారు?"

"మా ల్యాబ్‌లో మేడం. గుజ్జు తొంభై దాటాల గదా..."

"గుజ్జుకు సరే అన్నా. దీనికి?"

దీనికెంతుండాలో నేను ఎవుర్నీ అడగనే లేదు. అంకె చూసినా, నవ్వినా, పోయి ఓనర్కు చెప్పొచ్చినా. పొద్దున్నే వస్తానని ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. ఇంటికి పోతే మా ఇంటామె తెల్లచొక్కా ఉతికి, నీలం పెట్టి, దండేనికి ఆరేస్తాండాది. ఆమెకేమీ చెప్పలా.

పొద్దున్నే బస్సు దిగి వచ్చింది. బక్కపల్చని పిల్ల, భుజానికి ఒక బ్యాగు. కాటా రూములోకి వస్తానే గూడు చూసి, గడపలో చెప్పులు ఇప్పేసింది.

"దేవుడి రూములో పెట్టినారా కంప్యూటర్ని?"

"లేదు మేడం," అన్నా, "ఆ గూట్లో ఉండేదే కంప్యూటరు."

ఆ పిల్ల గోపురం చూసింది, గంటలు చూసింది. "హారతి గూడా ఇస్తారా?"

"శుక్రవారం శుక్రవారం" అన్నాడు ల్యాబ్ ఆయన. ఎగతాళికి కాదు, నిజంగానే ఇస్తాంటిమి.

ఎట్ల వేడి చూసినారో అట్లనే చేసి చూపించమనింది. నేను తలుపులు తెరిచి, రేకు తీసి, టేబుల్ ఫ్యాను తిప్పి, వేలు చాపబోతే చెయ్యి పట్టుకోని ఎనక్కి లాగింది.

"లోపల ఊరికే వేళ్లు పెట్టొద్దన్నా, మీకూ మంచిది కాదు, దానికీ మంచిది కాదు. అయినా ఇన్ని తెరిచి, ఫ్యాను పెట్టి చూస్తే ఎవురికైనా జెరం లేనట్లే ఉంటాది. రోజూ అది ఎట్ల పనిచేస్తాందో అట్లనే ఉంచి చూడాల. పొద్దున చల్లగా లేసినప్పుడు ఎంత, మద్యానం పని నడుమ ఎంత, రెండూ చూడాల. ఏవీ, మీ చేతులు?"

ఇద్దరమూ బళ్లో పిల్లకాయల మాదిరి చేతులు చాపినాం. చూసింది.

"ఈ చేతులకు అగ్గి గూడా ఐసు మాదిరే ఉంటాది" అనింది.

బుల్లి ఫ్యాను విప్పినాక చూస్తే, దిమ్మ రేకుల నడుమ సందే కనబడలా. దుమ్ము, శెనక్కాయ పొట్టు నూగు, చచ్చిన సన్నఈగలు, అన్నిటినీ అతికిస్తా మామిడి గాలి జిగురు. కంబళి ముక్క మాదిరి ఒకే పొరగా ఊడొచ్చింది.

"ఈగలు దూరకుండా నేను గుడ్డ కుక్కినా గద మేడం?" అన్నా.

"తలుపులు తీసినప్పుడు దూరినాయన్నా. బయటికి పోయేదానికే దారి లేదు, మీరు గుడ్డ కుక్కినారు గదా."

పెయింట్ బ్రష్షుతో రేకు రేకూ దులిపింది. ఫ్యానుకు పట్టిన జిగురు తుడిచింది. ప్రాసెసర్కూ దిమ్మకూ నడుమ ఉండే పాత పేస్టు పెచ్చు కట్టిపోయింటే గీకి తీసి, కొత్తది బియ్యపు గింజంత పెట్టింది. ఇంతేనా అనిపించింది నాకు. "ఇంకొంచెం పుయ్యండి మేడం, లోటు చెయ్యొద్దు" అన్నా.

"గంధం కాదన్నా పూసేదానికి" అనింది.

నా గుడ్డను పీకి పారేసింది. తర్వాత ఓనరు దిక్కు తిరిగి, "ఈ తలుపులు గూడా ఊడదియ్యాల సార్" అనింది.

ఓనరు పోయి ఆ తలుపులకు అడ్డంగా నిలబడినాడు.

"తలుపులా?" అన్నాడు ఓనరు. "అవి మా అమ్మ పెట్టించింది."

"గాలి ఆడాల సార్."

"గాలి సంగతి నువ్వు చూస్తావులేమ్మా. మా అమ్మ సంగతి ఎవురు చూస్తారు?"

ఎవురో పోయి అవ్వకు మోసినారు. గొడుగేసుకోని అవ్వే వచ్చింది. "ఏందిరా, నా గూడు ఇప్పుతాండారంట?"

మగోళ్లందరమూ నేల చూసినాం. తిరపతి పిల్లే ముందుకొచ్చింది. "అవ్వా, పనిచేసేటప్పుడు ఇది కాగిపోతాది. తలుపులేస్తే దానికి ఊపిరాడదు."

అవ్వ గూడు చూసింది, మమ్మల్ని చూసింది. "పన్జేసేటప్పుడు గూడా తలుపులు మూసే పెట్టినారా?"

"నువ్వే గదమ్మా ముయ్యమన్నావు" అన్నాడు ఓనరు.

"ఇంటికి పొయ్యేటప్పుడు ముయ్యమంటి గదరా, ఎలకలకు! పగలంతా మూసి పెట్టమని నేనెప్పుడు సెప్పినా? కోళ్లను గంపకింద మూసేది గూడా రేత్రికే గదా! ఇంతమంది మొగోళ్లుండారు, మళ్లీ నన్నొక మాట అడిగే నోరు ఒక్కనికీ లేదా?"

"లేదమ్మా" అన్నాడు ఓనరు. అంత నిజాయితీగా ఆయన మాట్లాడింది నేను మళ్లీ వినలా.

అవ్వే నిలబడి తలుపులూడదీయించింది. తర్వాత నా కుర్చీలో, నా దిండు మీద కూర్చుని, సాయంత్రం దాకా ఈడనే ఉంటా అనింది.

తిరపతి పిల్ల మాత్రం ఉండనంది. చిత్తూరులో ఇంకొకటి చూడాలంట, దాన్ని వాళ్లు బీరువాలో పెట్టినారంట. పోతా పోతా నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, ఇప్పుడు చల్లగా లేస్తే నలభై చూపించింది. మద్యానం పనిలో అరవై, అరవై అయిదు దాకా వస్తే భయం లేదు, ఇట్లాంటి పాతదానికి అది మామూలే. డెబ్బై దాటితే నాకు ఫోన్ చెయ్యండి. ఎనభై అంటే ఎవుర్నీ అడగొద్దు, ఆపెయ్యండి. మీరే చూసి చెప్పాల."

ఆ అంకెలన్నీ ఒక స్లిప్పు ఎనకాల రాసుకోని జేబులో పెట్టుకున్నా.

మద్యానమయింది. రేకులు టపటపమంటాండాయి. రోజూ ఆరిపోయే వేళ వచ్చింది, దాటింది. ఆరిపోలా. స్లిప్పులు ఒకదాని ఎనక ఒకటి వస్తాండాయి. ఓనరు మొకం కొంచెం విచ్చుకునింది. అప్పుడు బుల్లి ఫ్యాను గొంతు మారింది. దోమ మాదిరి ముల్గుతాండాది. పెట్టె ఎనకాల చెయ్యి పెట్టినా. గాలి వెచ్చగా తగిలింది, నా చెయ్యికే వెచ్చగా తగిలింది. లోపలి వేడి బయటికి పోతాండాదని సంతోషపడాల్నా, లోపల ముదురుతాండాదని భయపడాల్నా? నా చెయ్యి మాట నమ్మే రోజులు పోయినాయి. తెలియాలంటే దారి ఒకటే. ఆపి, లేపి, నీలం తెర చూడాల.

ఆపితే? ఒక్కసారి ఆగినా బాయిలరే అన్నాడు ఓనరు. కిటికీలోంచి చూస్తే పెద్దాయన వరండాలో చుట్ట కాలుస్తా నిలబడుండాడు. చేతిలో నా పార.

"అన్నా," అన్నా ఓనర్తో, "ఒక్కసారి ఆపుతా."

"ఏందీ? నడస్తాండేదాన్ని ఆపుతావా?"

"నడస్తాండాదన్నా. ఎంత వేడిలో నడస్తాండాదో తెలీదు. చూడాల."

ల్యాబ్ ఆయన నా చొక్కా ఎనక పట్టి గుంజి, చెవిలో అన్నాడు. "గమ్మునుండప్పా. నడస్తాంది గదా, సాయంత్రం దాకా లాగనీ. నీ కుర్చీ నీకుంటాది."

అదీ నిజమే. కానీ ఇట్లనే గదా ఎనభై ఎనిమిదిని నవ్వి పంపించినాం. కాటా మీదుండే ట్రాక్టర్ స్లిప్పు పూర్తిగా వచ్చేదాకా ఆగి, రైతు చేతికిచ్చి, ఆపేసినా.

"మళ్లా పోయెరా సామీ!" అని బయట ఒక కేక. వరసంతా హారన్లు. ఓనరు నన్ను చూసిన చూపుకు బాయిలర్ పొట్టు లేకుండానే మండిండేది. మీట నొక్కినా, తెర లేసింది, డిలీట్ నొక్కబోతే వేలు జారి పక్క మీట మీద పడింది. నీలం తెర రాలా, మామూలు తెర వచ్చేసింది. మళ్లీ ఆపాల.

"రెండోసారి" అన్నాడు ఓనరు. మెల్లగా.

ఈసారి వేలు తియ్యకుండా టకటకా కొడతానే ఉన్నా, తలుపు తడుతున్నట్లు. నీలం తెర వచ్చింది. వరస వెతికినా.

అరవై రెండు.

"అరవై రెండు!" అని అరిచినా.

ఎవురికీ సంతోషపడాల్నో ఏడవాల్నో తెలియలా. ల్యాబ్ ఆయన మొకం పడిపోయింది. "అయ్యయ్యో, ఇంకా దిగిపోయిందే!"

"దిగాలబ్బా! ఇది గుజ్జు గాదు!"

"మంచిదా చెడ్డదా, ముందు అది చెప్పు" అన్నాడు ఓనరు.

"దీనికి మంచిదన్నా. దీనికి."

"వాడు సూసి సెప్పినాడు గదరా," అనింది అవ్వ నా కుర్చీలోంచి. "ఇన్నాళ్లకు ఒకడు సూసి సెప్పినాడు. ఆ ట్రాక్టరోణ్ణి రమ్మను."

ఆ రోజు చివరి ట్రాక్టర్ దాకా స్లిప్పు ఆగలా. ఓనరు తప్పయిందని అనలా, శెబాష్ అనలా. పోతా పోతా, "రేపు గూడా ఒకసారి ఆపి చూడు" అన్నాడు. ఆయన భాషలో అది సన్మానం. బయట పెద్దాయన పార భుజానేసుకోని ఎదురుచూస్తాండాడు.

"అయితే దీన్ని ఇంకొకరికి ఇచ్చేయమంటావా?"

"ఇచ్చెయ్ పెద్దాయనా."

కొంచెం ఆలోచించి, "రెండు రోజులు ఆగి ఇస్తాలే" అన్నాడు.

ఇంటికి పోతే చొక్కా నిండా దుమ్ము, జిగురు, చేతి మీద ఆ పేస్టు మరక. మా ఇంటామె చూసి, "ఈ రోజు పనికి పోయినట్టుండావే" అనింది. అప్పుడు కూర్చోబెట్టి అంతా చెప్పినా. అప్పట్నించి ఇప్పటిదాకా చెప్తానే ఉండా, ఆమె వింటానే ఉండాది.

తర్వాత చుట్టుపక్కల ఎన్ని పెట్టెలు ఇప్పినానో. గోడకు ఆనిచ్చి ఊపిరాడకుండా చేసినవి, పైన పట్టుగుడ్డ కప్పినవి, లోపల బల్లి గుడ్లు పెట్టినవి. ఆ పనే పట్టుకోని శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్సులో చేరి, ఆడనే రిటైరయినా. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఆ పిల్ల అడిగిన మాటే చెవిలో. దీనికి? ఎన్ని అంకెలు చూసి నవ్వి పంపించేసినానో ఈ జన్మలో, దేనికని అడగకుండా. అందుకే పోయి ఆగిపోయిన టెన్త్ కట్టినా, ఇంటర్ కట్టినా, డిగ్రీలో చేరినా.

ఈ రోజు పొద్దున మా పెద్దోడు ఫోన్లో రిజల్టు చూసినాడు. "నాయనా, పాస్! యాభై ఎనిమిది శాతం!"

మా వియ్యంకుడు ఆడనే కాఫీ తాగతాండాడు. ఆయన పిల్లకాయలంతా ఎనభైలు, తొంభైలు. "యాభై ఎనిమిదేనా బావా?" అన్నాడు.

దేనికి బావా అని అడగబోయినా. ఇన్నేండ్లుగా దాచిపెట్టుకున్న మాట, సరిగ్గా వాడుకునే రోజు వచ్చింది. నోరు తెరిచేలోపల వంటింట్లోంచి మా ఇంటామె అందుకునింది.

"ఈయనకు యాభై ఎనిమిది సరిపోతాదిలే అన్నా. దానికే పొద్దున్నించి వీధంతా తిరిగి కాగిపోతాండాడు. ఇంకొంచెం పైకి పోయింటే ఈ ఇంటికి తలుపులూడదియ్యాల్సొచ్చేది."